ఆ ఒక్క ఓటు

ఆస్ట్రేలియాలో తీసి, 2001లో ప్రసారం చేసిన అమెరికా టీవీ పోటీ ‘సర్వైవర్’ రెండో సీజన్. అర్ధాకలితో సాగిన 42 రోజుల ఆటలో చివరికి ముగ్గురు మిగిలారు. ఆఖరి పందెం గెలిచిన కోల్బీ డొనాల్డ్‌సన్, తన పక్కన ఫైనల్లో ఎవరుండాలో తేల్చాలి. మిగతా ఇద్దరిలో కీత్‌ని ఓడించడం తేలిక. అయినా టీనా వెసన్‌నే ఎంచుకున్నాడు. 4-3తో ఓడాడు, 10 లక్షల డాలర్లు ఆమెకు దక్కాయి.

పిచ్చితనమన్నారు చాలామంది. నాకలా అనిపించదు. ఆ ఓట్లు వేసింది ఆటలోంచి బయటికి పంపిన ఏడుగురు. ఎవరిని తోసి పైకెక్కావో వాళ్ల ముందే చివర్లో నిలబడాలి. ఎంత గొప్ప నియమం!

మన బిగ్ బాస్‌లో అలా కాదు, విజేతను తేల్చేది ప్రేక్షకులం, మనం. నామినేషన్ల రోజు ఎవరు గట్టిగా అరిస్తే వాళ్లనే మర్నాడంతా తలుచుకుంటాం. ఓటు వేసేటప్పుడు నాకు కోల్బీ గుర్తొస్తాడు.