గోంగూర పువ్వులో సైన్సు

టెన్త్ అయ్యాక ఏ గ్రూపు తీసుకోవాలని మన హాస్టల్లో రోజూ చర్చే. సైన్సు పట్నం పిల్లల చదువని కొందరంటున్నారు. నేను ఒప్పుకోను. ఎందుకో చెప్తాను.

విశాఖలో మన ఆంధ్రా యూనివర్సిటీ ఉంది కదా, అది 1926లో పుట్టింది. అక్కడ 1934 నుంచి 1949 దాకా టి.ఆర్. శేషాద్రి గారు కెమిస్ట్రీ శాఖను నడిపారు. ఆయనా, ఆయన శిష్యులూ పత్తి పూలు, గోంగూర పూలు తెచ్చి, వాటిలోని రంగు పదార్థాలను విడదీసి చూశారు. మన పెరట్లో పూసే పువ్వే!

1952లో అమెరికా నుంచి లఫాండ్ గారు వచ్చి, అక్కడివాళ్లతో కలిసి మన సముద్రాన్ని కొలిచారు. వేసవి ముందు గాలి ఒడ్డు వెంబడి వీస్తే పైనీరు దూరంగా జరిగిపోయి, అడుగునున్న చల్లనీరు పైకొస్తుంది. దాంతో ఎరువులాంటి లవణాలొస్తాయి. వాటితో సన్నని నాచు పెరుగుతుంది. చేపలకి అదే మేత.

ఏ చెక్క రంగునిస్తుందో, ఏ ఆకు దేనికి పనికొస్తుందో మన తాతలకీ అవ్వలకీ తెలుసు. అలా ఎందుకవుతుందో కనిపెట్టి కాయితం మీద పెట్టేవాళ్లు మనలోంచే రావాలి. లేకపోతే మన అడవి గురించి కూడా ఇంకొకరు రాస్తేనే మనం చదువుకుంటాం.

నేను బైపీసీయే తీసుకుంటాను. మరి మీరో?

— పదో తరగతి విద్యార్థి