బూడిదతో తోమిన పెనం

మా ఊరు చర్ల దారిలో అడవి అంచున ఉంటుంది. నేను భద్రాచలంలో గది అద్దెకు తీసుకుని, దగ్గరి ఊళ్లో చిన్న పిల్లలకు చదువు చెబుతున్నాను. ఒక్కదాన్నే కాబట్టి వంట కొంచెమే. పోయిన దసరాకు ముందు బజారులో ఒక చిన్న నాన్‌స్టిక్ పెనం కొన్నాను. జానెడు వెడల్పు, మందపాటి అడుగు, చేయి కాలని పిడి. ధర పద్నాలుగు వందలు. మా ఇంట్లో ఇనుప పెనం, మట్టి మూకుడు, సత్తు గిన్నెలు అన్నీ కలిపినా అంత ఉండవు. అందుకే ఆ ధర ఎవరికీ చెప్పలేదు.

మొదటి రోజు గుడ్డు కొట్టి పోశాను. సన్నని మంట, నూనె ఒక్క చుక్క. అట్టు అంచులు లేచాయి. పెనం వంచితే జారి పళ్లెంలో పడింది. అడుగున ఏమీ అంటలేదు. ఒట్టి నీళ్లతో కడిగితే చాలు. నిజం చెప్పాలంటే చాలా సంతోషపడ్డాను.

ఆ నల్లటి పూత పేరు టెఫ్లాన్. 1938లో అమెరికాలో రాయ్ ప్లంకెట్ అనే శాస్త్రవేత్తకు వేరే పని చేస్తుండగా అనుకోకుండా దొరికింది. 1950లలో ఫ్రాన్స్‌లో మార్క్ గ్రెగ్వార్ అనే ఇంజినీరు దాన్ని వంట పెనానికి అంటించాడు. దేనికీ అంటుకోకపోవడమే దాని గుణం. కానీ వేడి 260 డిగ్రీలు దాటితే ఆ పూత పాడవడం మొదలవుతుంది. ఇనుప గరిటె తగిలితే గీతలు పడతాయి. పీచుతో గట్టిగా తోమకూడదు. ఇవన్నీ పెనంతో వచ్చిన చిన్న కాగితంలో ఉన్నాయి. అది ఇంగ్లీషులో, హిందీలో ఉంది. నేను చదివి, మడిచి, అట్టపెట్టెలోనే పెట్టేశాను.

సెలవులకు ఆ పెనం ఇంటికి తీసుకెళ్లాను. అమ్మకు గుడ్డట్టు వేసి చూపించాను. అది జారుతుంటే అమ్మ నవ్వింది. "నూనె లేకుండా వేగుతదా? ఇది వేగుడు కాదు బిడ్డా, ఎండుడు" అంది కోయలో. అయినా రెండో అట్టు తనే వేసింది.

మరునాడు నేను వాగు నుంచి వచ్చేసరికి పెనం ఎండలో బోర్లించి ఉంది. పొద్దున్నే మూడు రాళ్ల పొయ్యి మీద కట్టెల మంట పెట్టి, అందులో ఎండు చేపలు వేయించింది. తర్వాత బూడిద, పీచు వేసి తోమింది. మా ఇంట్లో గిన్నెను మెరిసేదాకా తోమడమంటే దాన్ని బాగా చూసుకోవడం. నల్లపూత చారలు చారలుగా పోయి, కింద తెల్లటి లోహం కనబడుతోంది.

నేను అరిచాను. ధర కూడా చెప్పేశాను. అమ్మ కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నువ్వు చెప్పలేదు గదా" అంది. అంతే అంది.

ఆ మాట నన్ను చాలా వెనక్కి తీసుకుపోయింది. నేను బడిలో చేరిన కొత్తల్లో నాకు తెలుగు రాదు. పంతులు ఏదో తియ్యమన్నాడు. ఏం తియ్యాలో తెలియక నిలబడ్డాను. చెప్పిన మాట వినదని చేతి మీద కొట్టాడు. ఆ దెబ్బ మర్చిపోయాను గానీ, తప్పేంటో తెలియకుండా నిలబడ్డ ఆ క్షణం మర్చిపోలేదు. ఇప్పుడు అమ్మను నేను అలాగే నిలబెట్టాను.

2004లో అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో కోయ, గోండి, కొలామి, సవర వంటి ఎనిమిది భాషల్లో చిన్న పిల్లలకు చదువు మొదలుపెట్టారు. ఇంటి భాషలో మొదలుపెట్టి, మెల్లగా తెలుగులోకి తీసుకురావాలన్నది దాని ఆలోచన. అది ఎందుకు అవసరమో శిక్షణలో విన్నాను. అర్థమైంది మాత్రం మా పొయ్యి దగ్గర. సెలవుల తర్వాత తరగతిలో ఏ పని చెప్పినా ముందు కోయలో చెబుతున్నాను. ఆ తర్వాతే తెలుగులో.

పూత పోయిన పెనంలో మళ్లీ వండలేదు. సంక్రాంతికి వెళ్లినప్పుడు అమ్మ తన చిన్న ఇనుప పెనం నాకిచ్చింది. ఇనుములో వండితే, ముఖ్యంగా పులుపు వేసి వండితే, కొంత ఇనుము కూరలోకి దిగుతుంది. రక్తం తక్కువగా ఉండే మన ఆడపిల్లలకు అది మంచిదే. చేతికిచ్చే ముందు అమ్మ నన్ను కూర్చోబెట్టింది. "కడిగినంక పొయ్యి మీదనే తడి ఆరబెట్టు. చుక్క నూనె రాసి పెట్టు. పులుసు రాత్రంతా అందులో ఉంచకు, తుప్పు పడతది."

అన్నీ చెప్పి, నాచేత ఒకసారి తిరిగి చెప్పించుకుంది. ఆ తర్వాతే పెనం ఇచ్చింది.