రైలు కిటికీలో ఎవరెస్టు దారి!

రాజమండ్రిలో రాత్రిపూట గౌతమి ఎక్కి హైదరాబాద్ వెళ్లేవాళ్లందరికీ ఆ కొండ పరిచయమే. కాజీపేట దాటాక, తెల్లారుతుండగా కిటికీ తలుపు పైకెత్తితే... బోర్లించిన గుండిగలా నున్నగా ఒకే ఒక్క రాయి! 'భువనగిరి వచ్చేసింది, లేవండి' అంటూ సామాన్లు సర్దుకుంటాం. దిగి చూసినవాళ్లు ఎందరు?

ఈసారి హైదరాబాద్ వెళ్తే ఒక పూట దానికోసం ఉంచుకోండి. నగరం నుంచి 50 కిలోమీటర్లే. 500 అడుగులకు పైగా ఎత్తున్న ఈ ఏకశిల మీద కోట కట్టించింది పశ్చిమ చాళుక్య రాజు త్రిభువనమల్ల ఆరో విక్రమాదిత్యుడు. పైదాకా వెళ్లడానికి మనలాంటివాళ్లకి మెట్లున్నాయి. మెట్లు లేని చోట రాతిని పట్టుకుని ఎక్కడం నేర్పే బడి కూడా ఇక్కడే ఉంది.

2013లో ఆ బడికి సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలు వచ్చారు. వాళ్లలో మాలావత్ పూర్ణ ఒకరు. ఊరు నిజామాబాద్ జిల్లా పాకాల. మన గోదారి తెలంగాణలో అడుగుపెట్టే కందకుర్తి ఉన్నదీ ఆ జిల్లాలోనే. అమ్మానాన్నలు వ్యవసాయ కూలీలు. రాయిని మొదటిసారి చూసినప్పుడు పూర్ణకు కాళ్లు వణికాయట. కోచ్ శేఖర్‌బాబు దగ్గర తాడు కట్టుకుని ఎక్కి, దిగాక భయం పోయింది.

తర్వాత డార్జిలింగ్, లద్దాఖ్‌లలో శిక్షణ. చివరికి మిగిలింది ఇద్దరే... పూర్ణ, ఖమ్మం జిల్లా కుర్రాడు సాధనపల్లి ఆనంద్‌కుమార్. పదహారేళ్లు నిండనివాళ్లను నేపాల్ వైపు నుంచి ఎక్కనివ్వరు. అందుకే టిబెట్ దారి పట్టారు. 2014 ఏప్రిల్ 18న నేపాల్ వైపు మంచు విరిగిపడి 16 మంది చనిపోయారు. కన్నవాళ్ల గుండెలు ఎలా కొట్టుకుని ఉంటాయో! పిల్లలు మాత్రం వెనక్కి రాలేదు. మే 25న ఇద్దరూ శిఖరం మీద నిలబడ్డారు. పూర్ణ వయసు పదమూడేళ్ల పదకొండు నెలలు. ఎవరెస్టు ఎక్కిన అమ్మాయిల్లో అందరికంటే చిన్నది! అక్కడితో ఆగలేదు. 2022 జూన్‌లో అలాస్కాలోని డెనాలీతో ఏడు ఖండాల శిఖరాలూ పూర్తిచేసింది.

మన డెల్టాలో రాళ్లెక్కడివి అంటారా? నిజమే, మనకున్నవి కొబ్బరిచెట్లూ, కోరుకొండ మెట్లూ. పాకాల పిల్లకీ అంతకుముందు కొండలెక్కే తాడు తెలియదు. తెలిసినవాళ్లు వచ్చి చెయ్యి పట్టుకున్నారు, ఇంట్లోవాళ్లు 'వెళ్లిరా' అన్నారు. ఆ రెండో మాటే కష్టం. మనింట్లో ఆడపిల్ల అడిగితే అంత తేలిగ్గా అనగలమా?

ఈసారి గౌతమి భువనగిరి దాటేటప్పుడు సామాన్లు కాసేపు పక్కన పెట్టండి. పై బెర్తులో నిద్రపోతున్న అమ్మాయిని లేపి, ఆ రాయి చూపించండి.