బెడ్ నంబర్ ఏడు

మా పెద్దమ్మాయి డబ్బా సగం తినకుండా వెనక్కి తెచ్చిన రోజులు చాలా ఉన్నాయి. అందుకని డబ్బా చూసి నేనేమీ అనుకోలేదు. నాకు తేడా తెలిసింది మాటలో. బీఏ తెలుగు చదివినందుకు నాకు మిగిలింది అదొక్కటే, ఎవరు ఏ మాట అన్నా చెవిలో నిలిచిపోతుంది.

ఆగస్టులో పక్షవాతం వార్డులో డ్యూటీ పడింది తనకు. సాయంత్రం రాగానే వంటింటి గడప మీద కూర్చుని (గడప మీద కూర్చోవద్దని నేను అంటూనే ఉంటాను) "అమ్మా, ఇయ్యాల మా తాత నాలుగడుగులేసిండు" అని సంబరంగా చెప్పేది. ఆ తాత మోత్కూరు దిక్కు రైతు. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయి వచ్చాడు. పేరు ఏనాడూ చెప్పలేదు, పేషెంట్ల పేర్లు ఇంట్లో చెప్పకూడదట. కానీ ఆయన చుట్ట అడిగిన సంగతి, కోడలు తెచ్చిన జొన్నరొట్టె ఈ పిల్లకు సగం పెట్టిన సంగతి మా ఇంటిల్లిపాదికీ తెలుసు.

సెప్టెంబరు మూడో వారానికి అదే తాత "బెడ్ నంబర్ ఏడు" అయిపోయాడు.

"బెడ్ నంబర్ ఏడు ఇయ్యాల ఎక్సర్‌సైజు చెయ్యనన్నడు. చెయ్యకపోతే నాకేంది?"

రొట్టె కాలుస్తున్న నా చెయ్యి ఆగిపోయింది.

తను చదివేది బీపీటీ, ఫిజియోథెరపీ. నాలుగేళ్లు చదువు, పైన ఆరు నెలలు ఇంటర్న్‌షిప్. స్టైపెండ్ సంగతి అడక్కండి. పొద్దున భువనగిరిలో రైలెక్కి సికింద్రాబాద్‌లో దిగి, అక్కడి నుంచి సిటీ బస్సు. తిరిగి ఇల్లు చేరేసరికి ఏడు, ఒక్కోసారి ఎనిమిది. మా అత్తమ్మ ఇప్పటికీ తనను "కరెంటు పెట్టే డాక్టరమ్మ" అనే అంటుంది. నేనూ అంతే అనుకునేదాన్ని, మోకాలికి ఏదో మిషన్ పెట్టి పది నిమిషాలు కూర్చోబెడతారు కదా అని. కాదు. పక్షవాతం వచ్చిన మనిషిని మంచం మీది నుంచి లేపి కుర్చీలోకి మార్చాలి. నడుముకు బెల్టు కట్టి, ఆ బెల్టు పట్టుకుని నిలబెట్టాలి. పడిపోయిన కాలి మోకాలు మడతపడకుండా తన మోకాలు అడ్డం పెట్టాలి. మెదడు మళ్లీ నేర్చుకోవాలంటే అదే కదలికను రోజుకు ఎన్నోసార్లు చేయించాలి. యాభై కిలోలు లేని పిల్ల డెబ్బై కిలోల మనిషిని రోజంతా ఎత్తుతూ ఉంటుంది.

నలుగురికీ నడుము ఎట్ల వంచాలో చెప్పే పిల్ల, ఒక ఆదివారం ఇంట్లో నీళ్ల బకెట్ ఎత్తబోయి నడుం పట్టుకుని అక్కడే కూర్చుండిపోయింది. ఈ ఉద్యోగంలో నడుము నొప్పి మామూలేనట. ఆ మాట తనే నవ్వుతూ చెప్పింది, నాకు నవ్వు రాలేదు.

నెలాఖరులో ఒక రాత్రి "నేను ఇగ పోనమ్మా" అంది. మేడం అందరి ముందు, పేషెంటు ముందు గట్టిగా అరిచిందట. "నాకేం రాదు. నాలుగేండ్లు ఉత్తగ చదివిన."

ఇక్కడ నేను చేసిన పని చెప్పుకోవాలి. "ఇంకో మూడు నెలలు ఓర్చుకో బిడ్డా" అన్నాను. మా కాలంలో ఎట్ల ఉండేదో, పెళ్లయిన కొత్తలో నేను ఎన్ని మాటలు పడ్డానో కూడా చెప్పాను. మా వారు ఫీజుల లెక్క తీశారు. పిల్ల లేచి పోయి తలుపు వేసుకుంది. తర్వాత నాలుగు రోజులు గడప మీద ఎవరూ కూర్చోలేదు.

ఆ నాలుగు రోజుల్లో ఫోన్ పట్టుకుని నేనే చదివాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో బర్న్‌ఔట్ గురించి వివరంగా చెప్పింది. మూడు గుర్తులు రాశారు. ఒళ్లు, మనసు పూర్తిగా అలసిపోవడం. చేసే పని మీద విరక్తి, దూరం. నా వల్ల ఏమీ కాదనిపించడం. అలసట సరే. "నాకేం రాదు" అన్నది మూడోది. మరి రెండోది? తాత బెడ్ నంబర్ కావడమే కదా. ఇది రోగం కాదనీ, పనిచేసే చోట ఒత్తిడిని సరిగా చక్కబెట్టకపోతే వచ్చేదనీ కూడా రాశారు. అది చదివి నేను ఏడ్చాను. పిల్ల మెత్తనిదని నేను అనుకుంటున్నాను, వాళ్ల నాన్న బద్ధకం అనుకుంటున్నారు.

ఆ నెల 8న ప్రపంచ ఫిజియోథెరపీ దినం జరిగింది. వీళ్ల కాలేజీలో కేకు కోసి, ఒత్తిడిని తట్టుకోవడం ఎట్లాగో రెండు గంటలు ఉపన్యాసం ఇప్పించారు. ఓపీ మాత్రం ఆపలేదు. ఆ రెండు గంటల పని మిగిలిపోయి పిల్లలు ఆ రోజు రాత్రి తొమ్మిదికి ఇళ్లు చేరారు. ఇంతకంటే నేనేమీ అనను.

మా అత్తమ్మ మోకాళ్ల వంకతో ఒకరోజు నేనే వెళ్లాను. ఆ మేడంను నాలుగు మాటలు అడిగి రావాలని మనసులో ఉంది. బెంచీల మీద జనం, మేడం చుట్టూ ఆరుగురు ఇంటర్న్‌లు. ముప్పై అయిదేళ్లు ఉంటాయేమో, చేతి మణికట్టుకు క్రేప్ బ్యాండేజీ చుట్టి ఉంది. రెండున్నరకు గానీ నా వంతు రాలేదు. టేబుల్ మీద ఆమె డబ్బా మూత కూడా తీయలేదు. నేను దాచుకున్న నాలుగు మాటలు పోయి "అన్నం తిన్నరా మేడం?" అని వచ్చింది నోటికి.

ఆమె గడియారం చూసి నవ్వింది. ఎవరి తల్లినో చెప్పాక నవ్వు పోయింది.

"ఆ రోజు బెడ్ ఏడు మోకాలు మడతపడ్డదక్కా. మీ పాప చెయ్యి బెల్టు మీద లేదు. పడితే తుంటి విరిగేది. నాకు భయమేసి అరిచిన" అంది. కాసేపాగి, తను ఇంటర్న్‌గా ఉన్నప్పుడు ఒక పెద్దావిడ తన చేతుల్లోంచే జారి పడిందని చెప్పింది. ఎవరితోనూ మాట్లాడలేదట. "పేషెంట్లను చూస్తే జీతం. పిల్లలకు నేర్పేది అదనం. అరవకుండ నేర్పాలని నాకు కూడ ఉంటది."

ఆమె నోటా "బెడ్ ఏడు" అనే వచ్చింది. మా పిల్లకు ఆ మాట ఎక్కడి నుంచి అంటిందో తెలిసింది. ఆమెకు ఎవరి దగ్గర అంటిందో మరి.

తిరుగు రైలులో మా ఊరి గుట్ట కనబడే దాకా ఇదే ఆలోచన. ఈ గుట్ట మీదే శిక్షణ తీసుకుని పూర్ణ 2014లో ఎవరెస్ట్ ఎక్కింది. మా తమ్ముడి కొడుకు కూడా ఇక్కడ నాలుగు రోజులు రాళ్లెక్కడం నేర్చుకున్నాడు. పైకి ఎక్కేవాడి తాడును కింద ఒకరు పట్టుకుంటారట. ఎక్కేవాడు బరువైతే కింద ఉన్నవాళ్లను కూడా ఏదో రాయికో చెట్టుకో కడతారని వాడు చెప్పాడు, లేకపోతే ఇద్దరూ పోతారని. మేడంను ఎవరు కట్టారు?

నేను వెళ్లినందుకు ఏదో మారిందని చెప్పను. పిల్లే ఒకరోజు ధైర్యం చేసి, "తప్పు చేస్తే పక్కకు పిలిచి చెప్పండి మేడం, పేషెంటు ముందు వద్దు" అని అడిగింది. ఆమె ఒప్పుకుంది. బరువైన పేషెంటును ఇద్దరు కలిసే లేపాలని ఆ వారం నుంచి పెట్టుకున్నారు. ఒంటిగంటన్నరకు ఇద్దరిద్దరుగా వెళ్లి తిని వస్తున్నారు, మేడంతో సహా. పేషెంట్ల సంఖ్య తగ్గలేదు, మనుషుల్ని ఎవరూ పెంచలేదు. అది పెంచాల్సినవాళ్లు పెంచాలి, నా డబ్బాలతో అయ్యేది కాదు. అయినా నేను శుక్రవారాలు సర్వపిండి రెండు ఎక్కువ చేసి పంపుతున్నాను.

ఇంట్లో మేం నేర్చుకుంది కొంచెమే. వచ్చిన అరగంట దాకా ఎవరూ ఏమీ అడగం. ఫీజుల మాట మా వారు ఎత్తరు. టెలీమానస్ నంబరు 14416 క్యాలెండర్ మీద రాసి పెట్టాను. డబ్బులు పడవు, తెలుగులోనే మాట్లాడతారు. పిల్ల ఫోన్ చేసిందో లేదో నేను అడగలేదు.

తాత ఎందుకు మొండికేశాడో కూడా తర్వాత తెలిసింది. పక్షవాతం వచ్చినవాళ్లలో చాలామందికి మనసు కుంగిపోతుందట, మేడం చెప్పి డాక్టరుకు చూపించారు. దసరాకు కర్ర పట్టుకుని, కొడుకు భుజం మీద చెయ్యేసి ఇంటికి వెళ్లాడు. పూర్తిగా నడవలేదు. నడుస్తాడో లేదో చెప్పలేమంది మా అమ్మాయి.

నిన్న సాయంత్రం పిండి కలుపుతుంటే వచ్చి గడప మీద కూర్చుంది.

"ఏడో మంచానికి కొత్తగ ఒక అవ్వొచ్చిందమ్మా. ముట్టుకుంటే చాలు, నన్ను మస్తు తిడుతుంది."

"ఏమని తిడుతుంది?"

చెప్పింది. ఇక్కడ రాయదగ్గ తిట్లు కావు. గడప మీది నుంచి లెవ్వమని చెప్పడం కూడా మర్చిపోయి నవ్వుతూ కూర్చున్నాను.