నేతి లెక్క

చెల్లెలి పెళ్ళి లడ్డూల కోసం బాలాపూర్‌లో ఒక వ్యాపారి వద్ద నెయ్యి బేరమాడాను. 15 కిలోల డబ్బా 4,500 రూపాయలన్నాడు. నాలుగు తీసుకుంటే ఇంకా తగ్గిస్తానన్నాడు. ఆశ పుట్టింది.

ఇంటికి వచ్చి కాగితం తీశాను. 7 శాతం వెన్న గల గేదెపాలు కిలో నేతికి సుమారు 14 లీటర్లు కావాలి. లీటరు 50 చొప్పున 700. వెన్న తీసిన పాల విలువ మినహాయించినా 300కు అమ్మి లాభపడడం కల్ల. మరి ఆ డబ్బాలో ఉన్నదేమిటి?

వనస్పతిలో పశువుల కొవ్వు కలుస్తోందన్న అలజడి తరువాత 1983లో ప్రభుత్వం ఆ కొవ్వు దిగుమతిని నిషేధించింది. కొవ్వు తినేవారిని నేను తప్పుపట్టను. పేరు మార్చి అమ్మడమే తప్పు.

ఈ ఊరి వినాయకుడి లడ్డూ వేలంలో 1994లో 450 రూపాయలు, 2024లో 30,01,000 రూపాయలు పలికింది. భక్తి వెలకు లెక్క అడగరాదు. నేతికి మాత్రం అడిగి తీరాలి.

చివరకు తెలిసిన పాడివారి వద్ద రెండు డబ్బాలే కొన్నాను. లడ్డూలు చిన్నవైపోయాయని అమ్మ ఇప్పటికీ దెప్పుతూనే ఉంది.