సంతానము, హార్మోనులు, ఒక నింద

బిడ్డలు లేని స్త్రీని తెలుగు ఇండ్లలో గొడ్రాలు అంటారు. ఉర్దూ ఇండ్లలో బాంఝ్ అంటారు. మా తరగతిలో రెండు భాషల ఇండ్ల నుండి వచ్చినవారము ఉన్నాము. ఆ మాటకు సరిజోడుగా పురుషుని అనే మాట ఏదైనా వీధి వాడుకలో ఉన్నదా అని మేమంతా కలిసి వెదికాము. మాకు ఒక్కటీ దొరకలేదు.

మా ఆలూరు మెట్ట ప్రాంతము. ప్రత్తి గాని, వేరుసెనగ గాని మొలవకపోతే ఇక్కడి రైతు వెంటనే నేలను తిట్టడు. పదును చాలినదా, విత్తనము మంచిదేనా, లోతు ఎక్కువైనదా అని నాలుగు విధాల విచారిస్తాడు. కాని అదే ఇంట కోడలికి మూడేండ్లు కడుపు పండకపోతే విచారణ ఉండదు, తీర్పు మాత్రమే ఉంటుంది. మా సహాధ్యాయిని ఒకామె మేనత్తను ఏడేండ్ల కాపురము తరువాత పుట్టింటికి పంపివేశారు. ఆమెకు ఎన్నో పరీక్షలు చేయించారు. భర్తకు ఒక్కటీ చేయించలేదు. అతడు మారు మనువు చేసుకొన్నాడు. రెండవ భార్యకు కూడా బిడ్డలు కలుగలేదు. ఇప్పుడు ఆ మాట ఆమెను అంటున్నారు.

జీవశాస్త్రము ఈ విషయములో ఏమి చెబుతున్నదో తోటి విద్యార్థులకు మనవి చేయడమే ఈ వ్యాసము ఉద్దేశము. ఉన్నత పాఠశాలలో మాకు 'ఇంట్లో చదువుకోండి' అని దాటవేసిన అధ్యాయము ఇదే.

మన శరీరములో కొన్ని గ్రంథులకు నాళములు లేవు. అవి తమ స్రావములను నేరుగా రక్తములో కలుపుతాయి. ఆ స్రావములకు హార్మోనులు అను పేరును 1905లో ఆంగ్ల శాస్త్రజ్ఞుడు ఎర్నెస్ట్ స్టార్లింగ్ వాడుకలోనికి తెచ్చాడు. గ్రీకు భాషలో ప్రేరేపించుట అని దాని అర్థము. సంతానోత్పత్తికి తొలి ప్రేరణ గర్భాశయము నుండి కాక మెదడు నుండి వస్తుంది. మెదడు అడుగు భాగములోని హైపోథలామస్ ఒక చిన్న హార్మోనును విడతలు విడతలుగా విడుదల చేస్తుంది. కేవలము పది అమైనో ఆమ్లముల గొలుసైన దాని నిర్మాణము 1971లో తేలింది. అందుకు కృషి చేసిన రోజర్ గిలెమిన్, ఆండ్రూ షాలీలు 1977లో నోబెల్ బహుమతి అందుకొన్నారు. ఆ హార్మోను అందగానే శెనగగింజంత పీయూష గ్రంథి ఎఫ్.ఎస్.హెచ్., ఎల్.హెచ్. అను రెండు హార్మోనులను రక్తములోనికి పంపుతుంది.

ఇక్కడ గమనించవలసిన విశేషము ఒకటి ఉన్నది. స్త్రీలో పనిచేసేవీ, పురుషునిలో పనిచేసేవీ ఆ రెండు హార్మోనులే. స్త్రీ బీజకోశములో అవి అండమును పక్వము చేస్తాయి. పెరుగుతున్న అండపుటిక స్రవించే ఈస్ట్రోజన్ గర్భాశయపు లోపలి పొరను దళసరి చేస్తుంది. ఋతుచక్రము నడుమ ఎల్.హెచ్. ఒక్కసారిగా ఉప్పొంగగా సుమారు ఒకటిన్నర రోజులో అండము విడుదలవుతుంది. అటుపిమ్మట ప్రొజెస్టిరాన్ ఆ పొరను కాపాడుతుంది. పిండము ఏర్పడకపోతే రెండు వారములలో ఆ హార్మోను తగ్గి, ఋతుస్రావమవుతుంది. ఇందులో మైల అనదగినది మాకేమీ కనిపించలేదు.

పురుషునిలో ఎల్.హెచ్. ప్రేరణతో టెస్టోస్టిరాన్ పుడుతుంది, ఎఫ్.ఎస్.హెచ్. దానికి తోడై శుక్రకణముల ఉత్పత్తిని నడుపుతుంది. ఒక శుక్రకణము తయారు కావడానికి రెండు నెలలకు పైగా పడుతుంది. మీసమునకు, కండకు చాలినంత టెస్టోస్టిరాన్ ఉన్నవానిలో కూడా శుక్రకణములు లేకపోవచ్చును. మగసిరి చూచి విత్తనమును నిర్ణయించలేము. సంతానము లేని జంటలలో సుమారు సగములో పురుషుని లోపమునకు కూడా పాత్ర ఉంటుందని వైద్యులు చెబుతారు. ప్రపంచములో ప్రతి ఆరుగురిలో ఒకరు జీవితములో ఎప్పుడో ఒకప్పుడు ఈ సమస్యను ఎదుర్కొంటున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ప్రకటించింది.

మా కరువు సీమ తెలుసుకోవలసిన సంగతి మరొకటి ఉన్నది. తిండి చాలక, శ్రమ మితిమీరినప్పుడు మెదడు తన తొలి ప్రేరణనే తగ్గిస్తుంది. ఋతుచక్రము తప్పుతుంది, కొందరిలో ఆగిపోతుంది. 1876–78 నాటి ధాత కరువులో, మద్రాసు రాజధానిలో, మరణములు పెరగడమే గాక జననములు కూడా బాగా తగ్గాయి. అప్పుడు ఆలూరు బళ్లారి జిల్లాలో ఉండేది. నేటికీ మా పల్లెల నుండి ఎందరో స్త్రీలు సుగ్గికి గుంటూరు వైపు మిరప కోతకు పోతారు. వారికి నెల తప్పితే అది గర్భమే కానక్కరలేదు. శరీరము చాటుతున్న కరువు కూడా కావచ్చును.

ఆ గుంటూరులోనే 2019 సెప్టెంబరులో, డెబ్బై ఏండ్లు దాటిన ఒక స్త్రీ కవలలకు జన్మనిచ్చింది. ఋతుక్రమము ఆగిపోయి ఎన్నో ఏండ్లయినందున దాత ఇచ్చిన అండముతో ప్రయోగశాలలో పిండమును రూపొందించారు. అండములు అంతరించినా, బయటి నుండి హార్మోనులు అందితే గర్భాశయము మరల పొర కట్టగలదు. కాని ఆ వయస్సులో గర్భము ప్రాణాపాయము. అది ఆదర్శము కాదు. 2021 నాటి చట్టము ఇటువంటి చికిత్సకు స్త్రీకి 50, పురుషునికి 55 ఏండ్లను గరిష్ఠ పరిమితిగా విధించింది. ఐదు దశాబ్దములకు పైబడిన కాపురము తరువాత, ఆ వయస్సులో, ఒక స్త్రీ అంత సాహసమునకు ఎందుకు పూనుకొన్నది? తాను పడిన మాటలను ఆమె పత్రికలవారికి చెప్పుకొన్నది. ఆ మాటల బరువే ఆమెను అంత దూరము నడిపించినదని మేము భావిస్తున్నాము.

దర్గాలో మొక్కుకొనేవారినీ, నాగులకట్ట చుట్టూ తిరిగేవారినీ మేము నిందించము. ఆశ అందరికీ అవసరము. మేము కోరేది ఒక్కటే. ఆసుపత్రి చీటీ మీద రెండు పేర్లు ఉండాలి. పురుషునికి చేసే తొలి పరీక్షలో నొప్పి లేదు. ఖర్చు కూడా స్వల్పమే. రేపు కాపురములు చేయబోయే మనము, ముఖ్యముగా సోదర విద్యార్థులు, ఆ పరీక్షకు తామే ముందుగా వెళ్లుదుమని ఇప్పుడే నిశ్చయించుకొంటే, ఎందరో స్త్రీలకు ఆ మాట పడే గతి తప్పుతుంది.