చల్లటి ప్లగ్గు

మా తమ్ముడు తన టర్బో కారుకి రెండు మెట్లు చల్లటి స్పార్క్ ప్లగ్గులు వేయిస్తానన్నాడు. రేసు కార్లకి అవే వాడతారట.

చల్లటి ప్లగ్గంటే రవ్వ చల్లగా ఉంటుందని కాదు. మొనకి తగిలిన వేడిని అది త్వరగా ఇంజన్ హెడ్డుకి వదిలేస్తుంది. ఎన్‌జీకేలో అంకె పెరిగేకొద్దీ చల్లన, బాష్‌లో తగ్గేకొద్దీ. టర్బో గాలిని కుక్కి పంపుతుంది కాబట్టి లోపల ఒత్తిడీ, వేడీ ఎక్కువ. మొన మరీ కాలిందంటే రవ్వ పడకముందే పెట్రోలు అంటుకుంటుంది, పిస్టన్‌కి చిల్లు పడొచ్చు. ఆ ఒత్తిడిలో రవ్వ దూకాలంటే గ్యాప్ కూడా తక్కువుండాలి. అందుకే బూస్ట్ పెంచినవాళ్ళు ఒక మెట్టు చల్లటిది వేస్తారు.

ఇదంతా నిజమే. కానీ మొన సుమారు 450 డిగ్రీలు దాటితేగానీ దానిమీది మసి కాలిపోదు. వాడు రోజూ నడిపేదేమో అమీర్‌పేట ట్రాఫిక్‌లో. అక్కడ మరీ చల్లటి ప్లగ్గు మసిపట్టి మిస్‌ఫైర్ అవుతుంది.

“ఇంజన్‌ ట్యూనింగ్ ఏమైనా మార్పించావురా?”

“లేదక్కా. ముందుముందు చేయిస్తా.”

“అప్పుడే కొను. ఇప్పటికి మాన్యువల్‌లో ఉన్న నంబరే వేయించు.”

వాడు మొహం ముడుచుకున్నాడు. వాడి కలలో బండి ఎప్పుడో ఔటర్ రింగ్ రోడ్డెక్కేసింది. ఈఎంఐ కట్టాల్సింది మాత్రం అమీర్‌పేటలో ఆగి ఉన్న బండికే.